రెండు ఇరుసుల లెక్క

పోయిన వారం మనం కోడల్ని చక్రాలు తరిగే లేత్ షాపు గుమ్మం ముందు వదిలేసి వచ్చాం. ఆమె చేతిలో చక్రాలు కొలిచే పరికరం ఉంది. గుమ్మానికి అడ్డంగా లేత్ మేస్త్రి నిలబడి ఉన్నాడు.

అక్కడిదాకా నడిచిన సంగతి, ఈ వారమే కథలోకి అడుగు పెట్టినవారి కోసం నాలుగు ముక్కల్లో చెప్పుకుందాం. సోమవారం కొత్త ట్రామ్ మార్గంలో పరీక్ష పరుగు జరిగింది. కొండ మీది నుంచి కిందికి దిగే నిటారు మార్గం అది. మనుషుల బదులు ఇసుక బస్తాలు ఎక్కించిన బండి సన్నటి జల్లులో వాలు దిగుతూ, ఆగవలసిన చోట ఆగకుండా నలభై మీటర్లు జారుకుంటూ పోయి, చివరనున్న దిమ్మెను గుద్దుకుంది. ఆ బండి నడిపినావిడకు ఇరవై ఆరేళ్ల సర్వీసు. డిపోలో అందరూ ఆమెను మెత్తక్క అంటారు. మాట మెత్తన కాబట్టి కాదు, మాట గరుకే. బ్రేకు మెత్తన. ఆమె బండి ఆపితే నిలబడ్డ ముసలివాళ్లు కూడా కమ్మీ పట్టుకోనక్కర్లేదని పేరు. అలాంటి మనిషి బ్రేకు పిడిని మూడో నాచ్ దగ్గర, అంటే మూడో మెట్టు దగ్గర, ఉంచవలసింది పోయి, కంగారులో ఆఖరి నాచ్‌కు లాగేసిందని, అందుకే చక్రాలు బిగుసుకుపోయి బండి జారిందని బండి రికార్డులో కరెంటు ఒక్కసారిగా పొంగడం చూసి తేల్చారు. పిడి ఏ నాచ్ మీద ఉందో ఆ రికార్డులో పడదు. ఆమెను డ్యూటీ నుంచి తప్పించారు.

ఆమె కోడలిది అదే సంస్థలో పై అంతస్తు. బండ్లలోని మోటార్లు ఎలా నడుచుకుంటాయో ముందుగానే చెప్పే నమూనాలను కంప్యూటర్‌లో కట్టడం ఆమె పని. రోజంతా తెర మీద నారింజ రంగు గడులు, ఆకుపచ్చ గుండ్రాలు, వాటి మధ్య బాణాలు గీస్తూ ఉంటుంది కాబట్టి ఆమెకు బొమ్మల ఇంజనీరు అని పేరు పడింది. మూడు రోజులు కూర్చుని ఆమె కట్టిన కొత్త నమూనా ఒక విచిత్రం చెప్పింది: పిడి మూడో నాచ్ దాటకపోయినా బండి అలాగే జారగలదు. ఒకే ఒక్క షరతు. ముందు ఇరుసు చక్రాలూ వెనక ఇరుసు చక్రాలూ ఒక కొలతలో ఉండకూడదు.

ఉన్నాయో లేవో కొలిచి చూడటానికే ఆమె శుక్రవారం పొద్దున్నే ఇక్కడికి వచ్చింది.

"కొలవడానికి పర్మిషన్ తెచ్చారా?" మేస్త్రి అడిగాడు.

"లేదు మేస్త్రిగారూ. కొలిచాక తెచ్చుకుంటాను."

"అదెక్కడి పద్ధతమ్మా?"

"ముందు అడిగితే ఎందుకు అంటారు. ఎందుకో కొలిస్తేగానీ నాకే తెలీదు."

మేస్త్రికి నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు. అతని వెనక, లేత్ గుంత మీద, సోమవారం దెబ్బతిన్న బండి నిలబడి ఉంది. ముందు రేకు లోపలికి నొక్కుకుపోయి, మూతి ముడుచుకున్నట్టు ఉంది. కింద చక్రాలకు మాత్రం ఏమీ కాలేదు.

"చూడమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "తేడా ఏమన్నా వచ్చిందంటే అది వచ్చి నా మెడకే చుట్టుకుంటుంది. చక్రాలు తరిగింది నేను."

"తేడా ఉందని మీకు తెలుసా?"

అతను గుంత వైపు చూశాడు. తప్పు చేసినవాడి చూపు కాదది. చెయ్యని తప్పుకు సంజాయిషీ వెతుక్కుంటున్నవాడి చూపు.

"తొమ్మిది మిల్లీమీటర్లు," అన్నాడు చివరికి. "పోయిన నెల ముందు ఇరుసు చక్రాలు ఒకచోట చదునుగా అరిగితే తరిగి గుండ్రం చేశాను. వెనకవి బాగున్నాయి, ముట్టుకోలేదు. పది దాకా తేడా ఉండొచ్చని రూలు. తొమ్మిది దగ్గర ఆపాను."

ఆమె గుంతలోకి దిగింది. నాలుగు చక్రాలనూ రెండేసి సార్లు కొలిచింది. ముందువి ఆరువందల ముప్ఫై ఒకటి. వెనకవి ఆరువందల నలభై. చీకట్లో గ్రీజు వాసన మధ్య ఆమె ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. నమూనాలో ఆమె ఊహించి వేసిన తేడా ఎనిమిది.

పైకి వచ్చి చేతులు తుడుచుకుంటూ అంది: "మేస్త్రిగారూ, మీ పనిలో వంక లేదు. ఇది రాసి సంతకం పెట్టి ఇస్తారా?"

"వంక లేకపోతే సంతకం దేనికి?"

"వంక రూల్లో ఉంది కాబట్టి."

మేస్త్రి గోడకు బిగించిన కాగితం వైపు వేలు చూపించాడు. చక్రాల తేడా పది మిల్లీమీటర్లకు మించరాదు. కింద సంతకం. ఆ సంతకం ఆమెకు బాగా తెలుసు. ఆమె ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది రాసిన ప్రతి రిపోర్టు చివరా ఎర్ర సిరాతో ఉండేది అదే. పెద్దసారు.

*

పదకొండు గంటలకు విచారణ. పావుగంట ముందు అత్తాకోడళ్లిద్దరూ వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నారు. యూనిఫాం వేసుకోకూడదన్నారని మెత్తక్క ఇంటి బట్టల్లోనే వచ్చింది. చేతులు మాత్రం డ్యూటీలో ఉన్నట్టే ఉన్నాయి. కుడిచేయి మోకాలి మీద, పిడి పట్టుకున్నట్టు, కొద్దిగా వంగి.

"అత్తయ్యా, లోపల నేను చెప్పేవాటిలో ఒకటి మీకు నచ్చదు. ముందే చెబుతున్నాను."

"నువ్వు చెప్పేవాటిలో నాకు నచ్చేవి ఎన్నని?" అంది మెత్తక్క. తర్వాత, "చూడవే. నన్ను కాపాడాలని లేనిపోనివి కల్పించకు. నేను మూడు మీదే పెట్టాను. ఆ మాట ఇంట్లో ఒక్కరన్నా నమ్మితే నాకు చాలు."

"నమ్మడం నా పని కాదు అత్తయ్యా. లెక్క తేల్చడం."

"ఇదిగో, ఎప్పుడూ ఇలా లెక్కల్లోనే ఉంటావనే మా అబ్బాయి వంట నేర్చుకున్నాడు," అని మెత్తక్క లేచి నిలబడింది. తలుపు తెరుచుకుంది.

గదిలో పొడవాటి బల్ల, సగం దాకే దిగే కిటికీ తెర, గోడ మీద వెలుగు పరిచే యంత్రం సన్నటి రొద. బల్లకు ఆ చివర విచారణాధికారిణి కూర్చుని ఉంది. ప్రధాన కార్యాలయం నుంచి వచ్చిందావిడ. ఎవరు మాట్లాడినా తల ఊపదు, రాసుకుంటుంది. ఆమె కుడివైపు పెద్దసారు. పదహారేళ్ల కిందట ఈ సంస్థ బండ్లన్నిటికీ మోటార్ల అమరిక, వాటిని నడిపే నియమాలు రాసింది ఆయనే. తెల్ల చొక్కా, జేబులో మూడు పెన్నులు.

"మేడం, ఒక విషయం గుర్తు చెయ్యాలి," పెద్దసారు మొదలుపెట్టారు. "ఇప్పుడు సాక్ష్యం చెప్పబోయే ఇంజనీరు, డ్రైవర్ గారికి కోడలు."

"అవును సార్," అంది కోడలు. "మేడం, దయచేసి ఆ మాట ఫైల్లో మొట్టమొదట రాయించండి. తర్వాత నా లెక్కను దాని పాటికి విడిగా చూడండి. లెక్కకు అత్తగారు లేరు."

విచారణాధికారిణి పెన్ను ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది.

కోడలు గోడ మీద తన బొమ్మ వేసింది. చెప్పడం మొదలుపెట్టాక ఆమె గొంతులో తడబాటు లేదు. ప్రతి బండికీ కింద రెండు మోటార్లు, ఒక్కో ఇరుసుకు ఒక్కటి. పైకప్పు మీద కన్వర్టర్ మాత్రం ఒక్కటే. తీగ నుంచి వచ్చే కరెంటును మోటార్లకు కావలసినట్టు మలిచి ఇచ్చే పెట్టె అది. బండి వాలు దిగేటప్పుడు అవే మోటార్లు వెనక్కి లాగి పట్టి బ్రేకులవుతాయి. ఇప్పటిదాకా వాడుతున్న నమూనాలో రెండు మోటార్లు లేవు. రెండింటినీ కలిపి, రెట్టింపు బలమున్న ఒకే మోటారుగా లెక్కించారు.

"కంప్యూటర్లు మెల్లగా నడిచే రోజుల్లో అది తెలివైన పని," అంది పెద్దసారు వైపు తిరిగి. "నాకు నేర్పింది కూడా మీరే."

"మరి ఇప్పుడు తెలివితక్కువ పని ఎలా అయింది?"

"కాలేదు సార్. చదును మార్గం మీద ఇప్పటికీ సరిగ్గానే పనిచేస్తుంది. నిటారు వాలు మీద, తడి పట్టాల మీద చెయ్యదు. నేను దేని గడి దానికి వేశాను. తీగ, కన్వర్టర్, ముందు మోటారు, వెనక మోటారు, రెండు ఇరుసులు, వీటన్నిటి మీదా బండి. ప్రతి రెండు గడుల మధ్యా రెండు బాణాలున్నాయి చూడండి. ఇది దానికేం ఇస్తోంది, అది దీనికేం తిప్పి ఇస్తోంది. రెండు మోటార్లు ఒకదాన్నొకటి ముట్టుకోవు. కానీ పైన కన్వర్టర్ దగ్గర కలుస్తాయి, కింద పట్టాల దగ్గర కలుస్తాయి. పైనా కిందా కలిసి కాపురం చేసేవాళ్లను ఒక్క మనిషి అనుకుంటే ఇంట్లో గొడవ ఎందుకొచ్చిందో ఎప్పటికీ తెలీదు."

మెత్తక్క దగ్గింది. ఆ దగ్గు నవ్వేనని కోడలికి తెలుసు.

"చక్రాల తేడా తొమ్మిది మిల్లీమీటర్లు," కోడలు కాగితం బల్ల మీద పెట్టింది. "పొద్దున కొలిచాను. మేస్త్రిగారి సంతకం ఉంది."

"పది దాకా అనుమతి ఉంది," పెద్దసారు వెంటనే అన్నారు. "తొమ్మిదంటే ఒకటిన్నర శాతం కూడా కాదు. ఒకటిన్నర శాతానికి బండి జారుతుందా?"

"సార్, ఈ మోటారు చేసే పనంతా ఎంత తేడాలో జరుగుతుంది? కన్వర్టర్ చెప్పే వేగానికీ, మోటారు తిరిగే వేగానికీ మధ్య తేడా. ఎక్కువలో ఎక్కువ ఎంత?"

పెద్దసారు జేబులోంచి ఒక పెన్ను తీశారు.

"రెండు శాతం," కోడలే చెప్పింది. "మొత్తం బలం పుట్టేది ఆ రెండు శాతంలోనే. అందులో ఒకటిన్నర చక్రాల తేడానే మింగేస్తోంది. చిన్న చక్రం ఎక్కువ తిరుగుతుంది కాబట్టి దిగేటప్పుడు బ్రేకు భారమంతా ముందు ఇరుసు మీద పడింది. వెనకది ఊరికే వెంట నడిచింది. పట్టా తడిసింది, ముందు ఇరుసు జారింది. కన్వర్టర్ చూసేది రెండు చక్రాల సగటు వేగం. ఒకటి జారి నెమ్మదిస్తే సగటు పడిపోతుంది. బండే నెమ్మదించింది అనుకుని అది దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. ఆ సర్దుబాటు బాగున్న వెనక ఇరుసును పట్టి లాగుతుంది. ఒకటిన్నర సెకనులో అదీ జారుతుంది. రికార్డులో మీరు చూసిన కరెంటు పొంగు అదే. పిడి కదల్లేదు. వెనక మోటారు పొంగింది."

విచారణాధికారిణి మొదటిసారి తలెత్తింది.

"డ్రైవర్ నిజంగానే ఆఖరి నాచ్‌కు లాగి ఉంటే?"

"ఆ లెక్క కూడా వేశాను మేడం. అన్నిటికంటే ముందు వేసింది అదే."

మెత్తక్క కుర్చీ కిర్రుమంది. "ఏమన్నావు?"

"మీరు లాగారనుకుని మొదలుపెట్టాను అత్తయ్యా."

"ఇరవై ఆరేళ్లుగా ఈ చెయ్యి చూసి ఊరంతా..." మెత్తక్క ముఖం ఎర్రబడింది. "ఇంట్లో నా పక్కన కూర్చుని అన్నం తింటూ నన్ను అనుమానించావా?"

"అనుమానించాను," అంది కోడలు. కళ్లు దించుకోలేదు. "అనుమానించకపోతే ఇవాళ ఈ గదిలో నా మాటకు విలువేముంది? మీరు లాగి ఉంటే రెండు ఇరుసులూ ఒక్కసారే బిగుసుకునేవి, పొంగు మొదటి క్షణంలోనే వచ్చేది. రికార్డులో అది ఒకటిన్నర సెకను ఆలస్యంగా వచ్చింది. ఆ ఆలస్యమే చెబుతోంది, పిడి కదల్లేదని. ఇది కోడలి మాట కాదత్తయ్యా. బండి మాట."

మెత్తక్క కోడలి ముఖంలోకి చూసింది. తర్వాత కుర్చీలో వెనక్కి జారగిలబడి, "సరే, కానీ," అంది, తన బండిని ఇంకొకరికి అప్పగించినట్టు.

పెద్దసారు లేచి నిలబడ్డారు. ఆయన కోపంలో అవమానం కంటే అలవాటు ఎక్కువ. "నలభై బండ్లు, పదహారేళ్లు. ఒక్కటీ జారలేదు. నువ్వు మూడు రోజుల్లో కట్టిన బొమ్మ అవన్నీ తప్పంటోంది. జరిగిపోయినదానికి సరిపోయేలా బొమ్మ ఎవరైనా గీస్తారమ్మా. అంకెలు అటూ ఇటూ సర్దితే ఏ గీత మీదకైనా ఏ గీతనైనా తెచ్చి కూర్చోబెట్టొచ్చు. నీకు నేను నేర్పిన మొదటి పాఠం అదే."

"రెండో పాఠం కూడా గుర్తుంది సార్. జరగబోయేది ముందే చెప్పగలిగితేనే అది నమూనా."

ఆమె తెల్ల కాగితం తీసుకుంది. అందరూ చూస్తుండగా నిలబడే ఏదో రాసింది. నాలుగు మడతలు పెట్టి విచారణాధికారిణి ముందు ఉంచింది.

"మధ్యాహ్నం అదే బండిని డిపో వెనక పరీక్ష పట్టాల మీద నడపండి. పట్టాలకు సబ్బునీళ్లు పట్టించండి. పిడి మూడో నాచ్ దాటొద్దు. రెండు మోటార్ల తీగలకూ విడివిడిగా మీటర్లు తగిలించండి, ఈ పదహారేళ్లలో ఎవరూ అలా చూడలేదు. ముందు మోటారుకు ఎంత, వెనకదానికి ఎంత, ఎంతసేపటికి రెండోది పొంగుతుందో అందులో రాశాను. తప్పితే నా నమూనా నేనే చెరిపేస్తాను. మా అత్తగారి ఫైలు మీరు మూసెయ్యొచ్చు."

"పిడి ఎవరు పట్టుకుంటారు?" అడిగింది విచారణాధికారిణి.

"నేను," అన్నారు పెద్దసారు. "తర్వాత ఎవరి చేతి మీదా నింద పడకూడదు."

*

మూడు గంటలకు మబ్బు పట్టింది గానీ చినుకు పడలేదు. ఇద్దరు పనివాళ్లు పైపుతో పట్టాల మీద సబ్బునీళ్లు కొట్టారు. బండి లోపల అడుగు పలక తీసి, తీగలకు రెండు మీటర్లు తగిలించి, వాటి అంకెలు తెర మీదికి వచ్చేలా కోడలు అమర్చింది. విచారణాధికారిణి మడత కాగితాన్ని చేతి సంచిలో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. మెత్తక్కను ఎవరూ రమ్మనలేదు, వద్దనలేదు. ఆమె వచ్చి డ్రైవరు గది గుమ్మంలో నిలబడింది.

పెద్దసారు పిడి పట్టుకున్నారు. బండి కదిలింది. గంటకు ఇరవై, పాతిక.

"చెయ్యి అంత బిగపట్టొద్దు సార్," అంది మెత్తక్క ఉండబట్టలేక. "పట్టుకున్నట్టు ఉండాలి, పట్టుకోకూడదు."

"ఆవిడను మాట్లాడొద్దని చెప్పండి," అన్నారు పెద్దసారు. అంటూనే చెయ్యి వదులు చేశారు.

గుర్తు పెట్టిన చోటు రాగానే పిడి లాగారు. ఒకటి. రెండు. మూడు. అక్కడే ఆపారు.

అర సెకను బండి సౌమ్యంగానే లాగింది. తరువాత కింద ముందు ఇరుసు దగ్గర గరగరమని ఒక శబ్దం మొదలైంది. ఆ శబ్దం ముదిరేలోగా వెనక నుంచి ఇంకొకటి దానికి తోడయింది. ఆ వెంటనే కాళ్ల కింద బండి తేలిపోతున్నట్టయింది. పట్టా మీద నడుస్తున్నది కాస్తా పట్టా మీద జారుతోంది. పెద్దసారు కళ్లు తన చేతి మీదే ఉన్నాయి. చెయ్యి మూడు మీదే ఉంది. సబ్బునీళ్లు పట్టించిన పట్టా అయిపోయేదాకా బండి జారి, పొడి పట్టా దొరకగానే ఒక్క కుదుపుతో నిలబడింది.

విచారణాధికారిణి సంచిలోంచి కాగితం తీసి విప్పి, పైకి చదివింది.

"ముందు మోటారు నూట యాభై ఆంపియర్లు. వెనకది అరవై అయిదు. ముందు ఇరుసు జారిన ఒకటిన్నర సెకనుకు వెనకది నూట తొంభై."

కోడలు తెరను ఆమె వైపు తిప్పింది. నూట నలభై ఏడు. అరవై ఎనిమిది. ఒకటి పాయింట్ ఆరు సెకన్లకు నూట తొంభై మూడు.

పెద్దసారు సీటులోంచి లేవలేదు. పిడి మీది చేతిని తీసి, ఒళ్లో పెట్టుకుని, ఆ చేతినే చూసుకుంటున్నారు.

"నా చెయ్యి కదల్లేదు," అన్నారు.

"నాదీ కదల్లేదు సార్," అంది మెత్తక్క. ఆ గొంతులో ఎప్పుడూ ఉండే గరుకు లేదు. "అదే చెప్పాను. మీరు వినలేదు."

ఆయన కోడలి వైపు తిరిగారు. ఆ ముఖంలో ఓటమి కోసం వెతికినవారికి అది దొరకదు. లెక్క సరిపోయినప్పుడు లెక్కలవాడికి కలిగే నెమ్మది ఏదో అక్కడ ఉంది. "రెండింటినీ ఒకటి అనుకున్నాను," అన్నారు. "చదును మీద అవి ఒకటిలాగే నడిచాయమ్మా. పదహారేళ్లు. నేను మళ్లీ విడదీసి చూడలేదు. పది మిల్లీమీటర్ల రూలు ఇవాళే రద్దు చేస్తాను. కాగితం తీసుకో, రాయి. వాలు మార్గంలో రెండు మించరాదు."

"ఒకటి సార్."

"ఒకటా?"

"రెండు దగ్గర కూడా తడి పట్టా మీద నాకు ధైర్యం లేదు."

ఆయన పెన్ను తీసి, ఆ కాగితం తన వైపు లాక్కున్నారు. "ఒకటి," అని రాశారు. విచారణాధికారిణి తన ఫైలు మొదటి పేజీ తెరిచి, డ్రైవర్ తప్పిదం అన్న మాటల మీద అడ్డంగా గీత కొట్టి, తేదీ వేసింది. మెత్తక్క ఆ గీతను చూసింది, కోడల్ని చూసింది. ఆమె భుజం మీద సబ్బునురుగు తుడిచింది. వాళ్లింట్లో అంతకు మించిన మెప్పు లేదు.

అప్పుడే బండి రేకు మీద టపటపమని చినుకులు పడ్డాయి.

ఆ చినుకుల్లో ఎవరో పరుగెత్తుకుంటూ వస్తున్నారు. లేత్ మేస్త్రి. తలుపు దగ్గరికి వచ్చేసరికి అతనికి ఊపిరి అందడం లేదు.

"అమ్మా, పొద్దున మీరు వెళ్లాక నేను తరిగిన బండ్లన్నీ ఒకసారి చూసుకున్నాను. ఏడో నంబరు బండికి కూడా తేడా ఉంది. ముందువి ఆరువందల ముప్ఫై, వెనకవి ఆరువందల నలభై. పది. రూలు ప్రకారం సరిగ్గా పది."

"ఆ బండి షెడ్డులోనే ఉందిగా?" అన్నారు పెద్దసారు.

"లేదు సార్. సిబ్బంది కుటుంబాలకు కొత్త మార్గం చూపిస్తామన్నారు కదా, రేపని. రేపు వాన ఎక్కువంటున్నారని ఇవాళ్టికి మార్చారట. బండిలో లోపం లేదని సోమవారమే తేల్చారు కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు." అతను చేతిలో ఫోను పైకెత్తాడు. "ఇప్పుడే మా ఆవిడ ఫోన్ చేసింది. పిల్లలతో కొండ మీద ఉంది. నలభై మంది ఉన్నారట. వాన మొదలైంది, దిగుతున్నాం అని పెట్టేసింది."

విచారణాధికారిణి లేచి నిలబడింది. పెద్దసారు రేడియో అందుకుని బొత్తాం నొక్కారు.

"ఏడో నంబరు. ఏడో నంబరు డ్రైవర్. ఎక్కడున్నావు?"

గరగరల మధ్య ఒక కుర్ర గొంతు వినిపించింది. "వాలు మీద ఉన్నాను సార్. పైనుంచి మొదటి స్తంభం దాటాను. బ్రేకు మామూలుగా లేదు సార్. కింద ఏదో గరగరమంటోంది."

ఆ గరగర ఏమిటో అక్కడున్న అయిదుగురికీ ఇప్పుడు తెలుసు. ఏ ఇరుసు అంటోందో కూడా తెలుసు. పెద్దసారు బండి లెక్కలు పదహారేళ్లుగా రాసిన మనిషే, కానీ వానలో వాలు మీద బండిని దింపిన చెయ్యి ఆయనది కాదు. ఆయన వెనక్కి తిరిగి రేడియోను మెత్తక్కకు అందించారు. డ్యూటీలో లేని డ్రైవర్ రేడియోలో మాట్లాడకూడదని ఆ బండిలో ఎవరికీ గుర్తు రాలేదు.

"నాన్నా, మెత్తక్కని," అంది ఆమె రేడియోలో, పక్కింటివాడితో మాట్లాడినట్టు. "ఏమీ కాలేదు. పిడి వదలొద్దు, ముందుకు లాగొద్దు. నేను చెప్పేదాకా ఉన్నచోటే ఉంచు. వెనక వాళ్లందర్నీ కూర్చోమను. నవ్వుతూ చెప్పు." బొత్తాం వదిలి కోడలి వైపు తిరిగింది. "ఎంత తగ్గించమనాలే? రెండా? ఒకటా? మొత్తం వదిలేసి, పట్టాకు అతుక్కునే అయస్కాంతం బ్రేకు వెయ్యమననా?"

నాలుగు రోజులుగా కోడలు నమూనాను అడిగింది ఒక్కటే: బండి ఎందుకు జారింది? జారడం మొదలైన బండిని ఎలా పట్టుకోవాలని ఒక్కసారి కూడా అడగలేదు. ఆ జవాబు కూడా ఆ బొమ్మలోనే ఉంది, అది ఆమెకు నిశ్చయంగా తెలుసు. బాణాలన్నిటినీ తిరగేసి చదవాలి. బండి నుంచి ఇరుసులకు, ఇరుసుల నుంచి మోటార్లకు, మోటార్ల నుంచి డ్రైవర్ చేతికి. ఆమె కిందే కూర్చుని కంప్యూటర్ ఒళ్లోకి లాక్కుంది. ముందు చక్రం ఆరువందల ముప్ఫై అని కొట్టింది. వెనకది ఆరువందల నలభై.

"ఎంతసేపు పడుతుంది?"

"రెండు నిమిషాలు అత్తయ్యా."

మెత్తక్క కిటికీలోంచి వాన వైపు చూసింది. సోమవారం నుంచి ఆ వాలు మీద ప్రతి స్తంభం, అడుగున ఉన్న మలుపు, ఆమెకు కళ్లు మూసుకున్నా కనిపిస్తాయి.

"మలుపు దాకా వాడికి ఉన్నది నిమిషంన్నర," అంది. రేడియో బొత్తాం మీద వేలు పెట్టి, కోడలి పక్కనే కింద కూర్చుంది. "కానీ. నువ్వు చెప్పు, నేను దింపిస్తాను."